కళ్లజోడు లేని వార్డు

వృద్ధాశ్రమాలలో సిబ్బంది వృద్ధులను హింసించారన్న వార్త వెలువడినప్పుడల్లా మనం దోషులను శిక్షించాలంటాము. శిక్ష అవసరమే. కానీ హింసను ముందుగా నివారించే మార్గమేమిటో బ్రిటన్ అర్ధశతాబ్దం క్రిందటే కష్టపడి నేర్చుకున్నది.

1965 జనవరిలో బార్బరా రాబ్ అనే మానసిక చికిత్సకురాలు లండన్‌లోని ఫ్రయర్న్ ఆసుపత్రిలో పరిచయస్థురాలైన ఒక వృద్ధురాలిని చూడబోయారు. అక్కడి వృద్ధుల వద్ద కళ్లజోళ్లు, కట్టుడు పళ్లు, వినికిడి యంత్రాలు లేకుండా తీసివేశారని ఆమె గ్రహించారు. ఇది చిన్న విషయం కాదు. పళ్లు లేనివారు సరిగా తినలేరు. చూపు, వినికిడి కొరవడినవారు అడిగినదానికి తికమకగా బదులిస్తారు. అటువంటివారిని మతి తప్పినవారిగా ముద్ర వేయడం సులభం. ఆ ముద్ర పడ్డాక వారి ఫిర్యాదును నమ్మేవారుండరు.

రాబ్ పత్రికకు లేఖ వ్రాసి, ఇతరుల అనుభవాలను కోరారు. నర్సుల, సామాజిక కార్యకర్తల వాంగ్మూలాలతో 1967లో ‘సాన్స్ ఎవ్రీథింగ్’ అనే గ్రంథం వెలువరించారు. అయితే ప్రాంతీయ ఆసుపత్రి మండళ్లే విచారణ సంఘాలను నియమించాయి. ఆరోపణలు చాలావరకు నిరాధారమని 1968లో ప్రభుత్వం ప్రకటించింది.

ఆ లోపలే కార్డిఫ్‌లోని ఈలీ ఆసుపత్రిలో జరుగుతున్న క్రూరత్వాన్ని అక్కడి సహాయక నర్సు ఒకరు బయటపెట్టారు. ఇది మానసిక వైకల్యం గలవారి ఆసుపత్రి. జెఫ్రీ హౌ అధ్యక్షతన సాగిన విచారణ ఆ ఆరోపణలను చాలావరకు ధ్రువీకరించింది. కిక్కిరిసిన వార్డులు, చాలని సిబ్బంది, ఫిర్యాదులను పట్టించుకోని అధికారులు, నోరు విప్పడానికి జంకే ఉద్యోగులు: ఇవన్నీ వెలుగులోకి వచ్చాయి. సంక్షిప్త నివేదికతో సరిపుచ్చే అవకాశమున్నా, మంత్రి రిచర్డ్ క్రాస్‌మన్ 1969లో పూర్తి పాఠాన్నే ప్రచురింపజేశారు. అదే ఏడాది ఆసుపత్రులను బయటినుండి పరిశీలించే సలహా సంస్థ ఏర్పడింది.

ఈ చరిత్ర చెప్పే పాఠం ఒక్కటే. తలుపులు మూసి ఉన్నచోట, పనిభారంతో అలసిన సిబ్బందికి తగిన శిక్షణ, పర్యవేక్షణ లేనిచోట, మంచివారు సైతం కఠినులు కాగలరు. వారిలో నిజం చెప్పేవారికి రక్షణ ఉండాలి. సంస్థను పరీక్షించే కన్ను ఆ సంస్థది కాకూడదు.

మన ఊళ్లలోనూ వృద్ధాశ్రమాలు పెరుగుతున్నాయి. మీ పెద్దలు అక్కడ ఉంటే, ముందుగా చెప్పకుండా, వేర్వేరు వేళల్లో వెళ్లండి. కాసేపు ఏకాంతంగా మాట్లాడండి. ఒంటిమీద కమిలిన గాయాలున్నాయేమో, బరువు తగ్గారేమో, ఎవరైనా గదిలోకి రాగానే మాట ఆపేస్తున్నారేమో గమనించండి. కళ్లజోడు ముఖం మీదనే ఉందో, అల్మారాలో ఉందో చూడండి. బార్బరా రాబ్ చూసినది కూడా అంతే. ఆమె చూసి ఊరుకోలేదు.