దత్తమండలముల బంట్లు: వారి జాడ తెలుపు కాగితములు

1776లో అమెరికాలోని పదమూడు వలస రాజ్యములు ఇంగ్లండు రాజుపై తిరుగుబడి స్వాతంత్ర్యమును ప్రకటించుకొనెను. ఇంచుమించు ఆ రోజులలోనే అనంతపురము సీమలోని గుత్తి కొండకోటలో నీరు అడుగంటెను. కోటను ఏలుచున్న మురారిరావు ఘోర్పడే హైదరాలీకి లొంగిపోవుటకు ఫిరంగులకంటె దప్పికయే ముఖ్యకారణము. ఆయనను శ్రీరంగపట్టణమునకును, పిదప కబ్బాలదుర్గమునకును గొనిపోయిరి. అచ్చటనే ఆయన మరణించెను. మైసూరు చరిత్ర వ్రాసిన విల్క్సు దొర గ్రంథములో ఈ సంగతి కలదు. నాయకుని కథ ఇట్లు నిలిచినది. మరి ఆ కోటగోడపై నోరెండి కావలి కాచిన బంట్లెవరు? వారి పిల్లలేమైరి?

అమెరికాలో ఇట్టి ప్రశ్నకు జవాబు దొరకుట కొంత సులభము. 1818లోను, 1832లోను అచ్చటి ప్రభుత్వము ముదుసలి సైనికులకు పింఛను శాసనములు చేసెను. ఏ కెప్టెను క్రింద, ఏ పోరులో పాల్గొనినదియు వారు ప్రమాణము చేసి చెప్పవలసివచ్చెను. భర్తలను కోల్పోయిన స్త్రీలు పెండ్లికి రుజువుగా ఇంటి బైబిలులోని పుటలను సైతము చించి జతపరచిరి. ఇంగ్లండు రాజు పక్షమున నిలిచి ఆస్తి పోగొట్టుకొనినవారి కొరకు 1783లో బ్రిటిషు పార్లమెంటు వేరొక విచారణ సంఘమును నియమించెను. వారు పోయిన ఇల్లు, పొలము, పశువులు లెక్కగట్టి అర్జీలు పెట్టుకొనిరి. రెండు పక్షముల కాగితములును ధనము కోరి వ్రాసినవే. కనుక పరిశోధకుడు వానిని నమ్మవలెను, కాని తూచి నమ్మవలెను.

అనంతపురము సీమ 1800 అక్టోబరు సంధితో నిజాము చేతినుండి కుంఫిణీ చేతికి వచ్చెను. దత్తమండలములన్న పేరు అప్పటిదే. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఎదుట 80 మంది పాళెగాండ్రును, వారి క్రింద 30,000 మంది ఆయుధపాణులైన బంట్లును ఉన్నట్లు అప్పటి లెక్క. కొందరు ఎదిరించిరి, కొందరు లొంగి భరణము పుచ్చుకొనిరి. రాయదుర్గము రాజగోపాల నాయకుడు నిజాము కాలముననే తిరుగుబాటు చేసి హైదరాబాదులో నిర్బంధింపబడెను. కుంఫిణీ వచ్చిన పిదప ఆయనను గుత్తికి మార్చిరి. అనంతపురము హండె వంశపు సిద్దప్ప మాత్రము భరణము గైకొని సిద్దరాంపురము చేరెను. ఈ సంగతులు కుంఫిణీ వారి వ్రాతలలో కలవు. పాళెగాండ్ర బలమును అణచవలెనని నిశ్చయించుకొనిన వారి కలము అది. ఆ మన్రో పేరునే ఈ సీమ రైతులు మన్రోలప్ప అని తమ బిడ్డలకు పెట్టుకొనుటయు నిజమే!

బంట్రోతు జాడకు రాజుల కాగితములు చాలవు, పొలమును పట్టుకొనవలెను. పాళెగాడు బంటుకు జీతమునకు బదులు భూమి నిచ్చెడివాడు. అదియే కట్టుబడి మాన్యము. మనిషి పోయినను చేను పోదు. 1802లో మన్రో నలుగురు గుమాస్తాలతో పొలముల కొలత మొదలుపెట్టించెను. గొలుసు పొడవు 33 అడుగులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల చదరములు 40 చేరిన ఒక ఎకరము. (విద్యార్థులు గుణించి చూడవచ్చును.) 1858లో ఏర్పడిన ఇనాము కమిషను ప్రతి గ్రామమున మాన్యము ఎవరిచ్చిరి, ఎందుకిచ్చిరి, ఇప్పుడెవరు అనుభవించుచున్నారు అని విచారించి రిజిష్టర్లలో వ్రాయించెను. అందు కట్టుబడి అని ఉన్నచోట ఒక బంటు మనుమడు దొరకవచ్చును.

మూడవ ఆధారము కైఫియతులు. కర్నల్ మెకంజీ కొరకు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులును, వారి తోడివారును గ్రామ కరణముల కవిలెలనుండి సేకరించిన స్థానిక చరిత్రలవి. తరువాత సి.పి. బ్రౌను వీనికి నకళ్లు వ్రాయించెను. కరణము తన వంశమునకు అనుకూలముగా వ్రాసియుండవచ్చును. అయినను దొరల నివేదికలకెక్కని దోపిడులు, కరవులు, ఊరు విడిచిపోయిన రైతులు ఇందు కనబడుదురు.

తేదీల విషయమున జాగ్రత్త కావలెను. ఫసలీ సంవత్సరమునకు 590 కలిపిన క్రీస్తు శకము వచ్చును. ఫసలీ 1210 అనగా 1800-01. కాగితముపై రౌద్రి అని మాత్రమే ఉన్నచో చిక్కు. అది 1740 కావచ్చును, కుంఫిణీ ప్రవేశించిన 1800 కావచ్చును, ఇనాము విచారణ నాటి 1860 కావచ్చును. అరువదేండ్లు తప్పినచో తాత చేసిన యుద్ధము మనుమనికి అంటగట్టినట్లగును.

వీనన్నింటిలోను ఒక లోపము కలదు. ఇనాము రిజిష్టరు భూమి నిలుపుకొనినవానిని చూపును. ఎదిరించి భూమి పోగొట్టుకొనినవాడు 1860 నాటికి అందుండడు. కాబట్టి ఆ పుటలను మాత్రమే చదివినవారికి ఊరంతయు కుంఫిణీ పక్షమే అనిపించును. కట్టుబడి మాన్యములు పోవుట 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఒక కారణము. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోవెలకుంట్లలో ఉరితీసిరి. ఆయన వెంట నడిచిన కట్టుబడులను మాన్యముల పట్టికలలో గాక నేరవిచారణల కాగితములలో వెదకవలెను.