గోత్రమడిగిన శాసనము

పంటి గాడిలో కొక్కెపు మొన నొక్కి, అది చిక్కుకొన్నచో పిప్పి పుట్టినదనియు, జారిపోయినచో పుట్టలేదనియు నిర్ణయించు పద్ధతి అమెరికా దంతవైద్యులకు ఎంత అలవాటయ్యెననగా, కుర్చీలో నోరు తెరచి కూర్చున్న రోగికి సైతము ఆ చిక్కుకొను క్షణమే తీర్పుగా తోచుచుండెను. రాంట్‌జన్ ఎక్స్ కిరణములను కనుగొనిన కొలది వారములకే, 1896 జనవరిలో, జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ నగరమున ఆటో వాల్కాఫ్ అను దంతవైద్యుడు తన నోటనే ఛాయాగ్రహణపు పలక నుంచుకొని 25 నిమిషములు ఓర్చి పండ్ల ఛాయను పట్టెను. పండ్ల నడిమి సందులలోని పిప్పిని బయటపెట్టిన ఆ కిరణములు, దవడపండ్ల గాడులలో అప్పుడప్పుడే మొలకెత్తు పిప్పిని మాత్రము, చుట్టునున్న దట్టమైన పింగాణిపొర మరుగుపరచుటచే, తరచుగా చూపజాలకపోయెను.

ఇట్టి పనిముట్లను అమ్మకమునకు ముందే పరీక్షించు అధికారము అమెరికా ప్రభుత్వమునకు చిరకాలము లేకుండెను. డాల్కన్ షీల్డ్ అను గర్భనిరోధక సాధనమువలన స్త్రీలనేకులు జబ్బుపడి, కొందరు మరణించిన పిమ్మట, 1976 మే 28న అధ్యక్షుడు ఫోర్డ్ వైద్యపరికరముల సవరణ శాసనముపై సంతకము చేసెను. అది పరికరములను మూడు తరగతులుగా విభజించి, 510(కె) అను నిబంధన క్రింద, క్రొత్తగా వచ్చినదానిని మన పెండ్లిపెద్దలవలె గోత్రమడిగెను: విపణిలో చట్టసమ్మతముగానున్న ఏ పూర్వపరికరముతో నీకు సామ్యము కలదు? జవాబు తృప్తికరమైనచో లభించునది క్లియరెన్సు మాత్రమే; మూడవ తరగతివారు కఠినతరమగు పరిశీలన దాటి పొందు అప్రూవల్ వేరు. ఈ రెంటిని ఒకటిగా చెప్పు ప్రకటనకర్తలకు భాషాజ్ఞానము తక్కువని నేననుకొనను.

విద్యుత్ప్రవాహముతో పిప్పిని చూపు సాధనమునకు, ఆ శాసనము ననుసరించి వెలసిన దంతపరికరముల జాబితాలో 872.1740 అను పద్దు 1987లోనే ఏర్పడెను. ఉల్మ్ నగరపు పరిశోధకుల కృషితో జర్మనీలోని కావో సంస్థ రూపొందించిన డయాగ్నోడెంట్ పనిచేయునది విద్యుత్ప్రవాహముతో గాక, వెలుతురుతో. 655 నానోమీటర్ల ఎర్రని లేజరుకాంతి సోకగా, పిప్పిలో సూక్ష్మజీవులు విడిచిన పోర్ఫిరినులు ప్రతిదీప్తిని వెలార్చును. పరికరము దానిని 0 నుండి 99 వరకు అంకెగాను, హెచ్చుకొలది పైకెగయు కూతగాను తెలుపును. పాత పద్దున ఇమడని దీనికై 2000 ఏప్రిలులో 872.1745 అను క్రొత్త పద్దు వ్రాయబడెను. లేజరు, చేతిపిడి, మారుచుండు స్వరము అన్నియు అందు వర్ణింపబడినవి. సర్కారు గెజిటులో స్వరమునకు చోటు దొరకుట ముచ్చటయే.

ఆ పద్దు రెండవ తరగతికి చెందినది. వైద్యుని ఆధ్వర్యమునగాని వాడరాదు. తోడ్పాటును చికిత్సాలయ పరీక్షలచేతనో తగిన ఇతరాధారములచేతనో నిరూపింపవలెను. చేతిపిడిని ప్రతిసారియు సూక్ష్మజీవిరహితము చేయవలెనని సూచనాపత్రమున హెచ్చరింపవలెను. అంతకన్న గమనింపదగినది ఒక్క క్రియాపదము: పరికరము పిప్పిని కనుగొనుననక, కనుగొనుటలో తోడ్పడునని అందు వ్రాసిరి. ఏలయన గారయు, మరకయు, పండ్లు తోము ముద్దలో మిగిలిన తునకయు కూడ అంకెను పెంచగలవు. అంకెనే నమ్మి డ్రిల్లు పట్టినచో ఏ పాపమెరుగని పంటికి గుంట పడును.

ఇక ఆ పాత కొక్కెము సంగతి. మెత్తబడిన పింగాణిపైపొర, లాలాజలములోని ఖనిజములతో మరల గట్టిపడగలిగినది, ఈ మొన పోటుకు విరిగి నిజముగనే గుంటయగుననియు, చిక్కుకొనుట పిప్పికి నమ్మదగిన గురుతు కాదనియు పరిశోధకులు తరువాత తేల్చిరి. అయినను 1976కు పూర్వమునుండి ఉన్నదగుటచే దానిని గోత్రమడిగినవారు లేరు; 872.4565 క్రింద మొదటి తరగతిలో, ఎముకనుచెక్కు ఉలులతోను, ఆకురాళ్ళతోను కలసి అది నిశ్చింతగా కూర్చున్నది.