పాట లేని బజారు

అనకాపల్లి బెల్లం యార్డులో పాట ఎలా సాగుతుందో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. దిమ్మల రంగు చూసి, రకం చూసి వర్తకులు ఒకరి మీద ఒకరు ధర పెంచుకుంటూ పోతారు. పోటీ ఎంత గట్టిగా ఉంటే రైతుకు అంత మేలు. ఆ వర్తకులంతా ఒక గదిలో కూర్చుని ఇలా ఒప్పందం చేసుకున్నారనుకోండి: ఇక పాట వద్దు, నిరుడు ఎక్కువ నష్టపోయిన కొట్టువాడు మంచి సరుకు ముందు ఏరుకుంటాడు, అతను ఏరుకున్నదాని జోలికి మిగతావాళ్లు పోకూడదు, ధర మాత్రం మనమే ముందుగా రాసిపెట్టుకుందాం. మునగపాక, కశింకోట రైతులు ఊరుకుంటారా? మరునాటికల్లా రోడ్డెక్కుతారు. అమెరికాలో వృత్తి క్రీడల్లో దాదాపు తొంభై ఏళ్లుగా నడుస్తున్నది ఇంచుమించు ఇదే. దీన్ని డ్రాఫ్ట్ అంటారు. కాలేజీ నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను జట్లు వరసగా ఎంచుకుంటాయి, ఓడిన జట్టుకు ముందు వరస ఇస్తారు, ఎంపికైన కుర్రాడు ఆ లీగ్‌లో ఆడాలంటే ఆ జట్టుతోనే మాట్లాడుకోవాలి. బలహీనుడికి చెయ్యూత అని అమెరికావాళ్లు దీన్ని గర్వంగా చెప్పుకుంటారు. ఆ చెయ్యూత పైపూతే అనీ, కొత్తవాడి జీతానికి పాట లేకుండా చెయ్యడమే దీని అసలు పని అనీ నా వాదన. సాక్ష్యానికి ఒకే జట్టును తీసుకుంటాను. ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ ట్రెయిల్ బ్లేజర్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టు అది. ఇంటెల్ పుణ్యమా అని ఆ ఊరి పక్కన హిల్స్‌బరోలో, బీవర్టన్‌లో తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి గనక అనకాపల్లి పాఠకులకు కూడా ఆ పేరు మరీ కొత్త కాకపోవచ్చు.

పుట్టుక చూస్తే ఉద్దేశం తెలుస్తుంది. డ్రాఫ్ట్ మొదలైంది బాస్కెట్‌బాల్‌లో కాదు, అమెరికన్ ఫుట్‌బాల్‌లో. 1935లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్, మిన్నెసోటా యూనివర్సిటీ ఆటగాడు స్టాన్ కోస్ట్కా కోసం బేరమాడాడు. జట్లు పోటీపడి ధర పెంచడంతో కోస్ట్కా బ్రూక్లిన్‌కి వెళ్లిపోయాడు. ఆ ఏడాదే బెల్ తోటి యజమానులను డ్రాఫ్ట్‌కి ఒప్పించాడు, 1936 ఫిబ్రవరిలో మొదటిది జరిగింది. మహా మాంద్యం రోజులవి. అడుగున పడిన జట్టు కోలుకోవాలన్న మాట కూడా అందులో ఉంది, కాదనను. కానీ బెల్‌ను ఆ ఆలోచనకు తోసింది మైదానంలో ఓటమి కాదు, బేరంలో ఓటమి. తమాషా ఏమిటంటే ఆ మొట్టమొదటి ఎంపిక జే బెర్వాంగర్, అడిగిన జీతం కుదరక, ఆ లీగ్‌లో ఒక్క ఆటా ఆడలేదు. ఇప్పటి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏకి మాతృక అయిన లీగ్ 1947లో ఇదే పద్ధతి తెచ్చుకుంది. తెచ్చుకున్నాక కూడా 1965 వరకు, సొంత ప్రాంతపు కుర్రాణ్ణి వరసతో పని లేకుండా ముందే తీసేసుకునే వీలు జట్లకు ఉండేది. 1959లో విల్ట్ చాంబర్లిన్ ఫిలడెల్ఫియాకి దక్కింది అలాగే. స్థానిక హీరోని చూపిస్తే టిక్కెట్లు తెగుతాయి మరి. టిక్కెట్ల మాట వచ్చినప్పుడు సమన్యాయాన్ని పక్కన పెట్టడానికి యజమానులకు మనసేమీ ఒప్పకపోలేదు.

ఇక పోర్ట్‌లాండ్ సంగతి. 1970లో పుట్టిన ఈ జట్టుకు నాలుగుసార్లు మొదటి ఎంపిక దక్కింది: 1972, 1974, 1978, 2007. 1972లో లరూ మార్టిన్‌ను తీసుకుంది. అతని తర్వాత రెండో స్థానంలో బఫెలోకి వెళ్లిన బాబ్ మెకడూ మూడేళ్లు తిరక్కుండానే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు అందుకున్నాడు. మార్టిన్ నాలుగు సీజన్లు ఆడి, సగటున అయిదు పాయింట్ల దగ్గరే ఆగిపోయి, తప్పుకున్నాడు. 1974లో బిల్ వాల్టన్ వచ్చాడు. ఇక్కడ మాత్రం డ్రాఫ్ట్ తన మాట నిలబెట్టుకుందని ఒప్పుకోవాలి. కాలిఫోర్నియాలో పుట్టి, లాస్ ఏంజెలస్‌లో యూసీఎల్‌ఏకి ఆడిన అంతటి ఆటగాడు తనంతట తాను చినుకులాగని పోర్ట్‌లాండ్‌ను కోరుకుని ఉండేవాడా అంటే అనుమానమే. అతనితోనే 1977లో ఆ జట్టు తన ఏకైక టైటిల్ గెలిచింది. నా వాదనకు ఎదురు నిలిచే సాక్ష్యమిది, దాటెయ్యలేను. అయితే ఆ టైటిల్‌లో వాల్టన్‌కి కొమ్ముకాసిన మారిస్ లూకస్ మామూలు డ్రాఫ్ట్‌లో వచ్చినవాడు కాదు. 1976లో పోటీ లీగ్ ఏబీఏ మూతపడ్డప్పుడు దిక్కులేనివాళ్లయిన ఆటగాళ్లను పంచుకున్న ప్రత్యేక ఎంపికలో దొరికాడు. అదే ఎంపికలో పోర్ట్‌లాండ్ మోజెస్ మలోన్‌ను కూడా తీసుకుని, కొద్ది నెలలకే బఫెలోకి ఇచ్చేసింది. ఆ మలోన్ తర్వాత మూడుసార్లు అత్యుత్తమ ఆటగాడయ్యాడు! వాల్టన్ పాదాల ఎముకలు విరిగాయి, 1979లో జట్టు వదిలిపోయాడు.

1978 ఎంపిక ఇంకా చిత్రం. ఆ సీజన్‌లో పోర్ట్‌లాండ్ 58 ఆటలు గెలిచింది. అంత బలమైన జట్టుకు మొదటి ఎంపిక ఎలా వచ్చింది? ఇండియానా దగ్గర కొనుక్కుంది. ఒక ఆటగాణ్ణి, తన దగ్గరున్న మూడో ఎంపికను ఇచ్చి మొదటిది పుచ్చుకుంది. ఆరేళ్లకు మళ్లీ అదే కథ. 1984లో రెండో ఎంపిక పోర్ట్‌లాండ్ చేతిలో ఉంది. ఆ ఏడాది 48 ఆటలు గెలిచిన జట్టది. ఆ హక్కూ ఇండియానాదే. 1981లో టామ్ ఓవెన్స్ అనే ఆటగాడి కోసం దాన్ని ఇండియానా వదులుకుంది. మొదటి ఎంపిక ఎవరిదో తేల్చడానికి నాణెం ఎగరేస్తే హ్యూస్టన్ గెలిచి హకీం ఒలాజువాన్‌ను తీసుకుంది. పోర్ట్‌లాండ్, కాలి ఎముక విరిగి రెండు సీజన్లు ఆడలేకపోయిన శామ్ బోవీని తీసుకుంది. మూడో స్థానంలో షికాగో తీసుకున్న కుర్రాడు మైకేల్ జోర్డాన్. ఇది అమెరికాలో సామెతలా వాడుకునే పొరపాటు. దానికి ఓ కారణముంది: అంతకు ముందేడే జోర్డాన్ ఆడే చోటికే క్లైడ్ డ్రెక్స్‌లర్‌ను తెచ్చుకున్నారు. కానీ నా దృష్టి పొరపాటు మీద లేదు, హక్కు చేతులు మారిన తీరు మీద ఉంది. అడుగున ఉన్న జట్టుకోసం అని ఇచ్చిన హక్కును అడుగున ఉన్న జట్టే అమ్ముకుంటే, బాగున్న జట్టు కొనుక్కుంటే, ఇక చెయ్యూత ఎవరికి? 2012లో డేమియన్ లిల్లార్డ్‌ను తెచ్చిన ఆరో ఎంపిక కూడా నెట్స్ జట్టు ఇచ్చుకున్నదే. ఆ తర్వాత పదకొండేళ్లు పోర్ట్‌లాండ్‌ను మోసినవాడు అతనే.

1990లో, 1992లో ఫైనల్ దాకా వెళ్లిన పోర్ట్‌లాండ్ జట్టు మరీ గట్టి సాక్ష్యం. దాని వెన్నెముక డ్రెక్స్‌లర్ 14వ ఎంపిక, టెరీ పోర్టర్ 24వ ఎంపిక, జెరోమ్ కెర్సీ 46వ ఎంపిక. ఓడినందుకు ప్రతిఫలంగా వచ్చినవాడు వీళ్లలో ఒక్కడూ లేడు. మనుషుల్ని పట్టే కన్నుంది, అంతే. 1986లో 24వ ఎంపికగా సోవియట్ ఆటగాడు అర్విదాస్ సబోనిస్‌ను రాసుకున్నారు. అతను పోర్ట్‌లాండ్ చొక్కా వేసుకునేసరికి 1995 వచ్చింది, సోవియట్ యూనియనే మిగల్లేదు. 2007లో ఎంపిక వరస తేల్చే లాటరీ తిరిగింది. మొదటి ఎంపిక వచ్చే అవకాశం నూటికి అయిదు పాళ్లే ఉన్నా పోర్ట్‌లాండ్‌నే వరించింది. గ్రెగ్ ఓడెన్‌ను తీసుకుంటే అతని మోకాళ్లు సహకరించలేదు, ఆ జట్టుకి మొత్తం 82 ఆటలాడాడు. రెండో స్థానంలో వెళ్లిన కెవిన్ డ్యూరాంట్ సంగతి క్రీడలు చూసేవాళ్లందరికీ తెలుసు. మనకూ ఇలాంటిది ఒకటుంది. 2008లో ఐపీఎల్ అండర్-19 కుర్రాళ్లను వేలంలో కాకుండా డ్రాఫ్ట్‌లోనే పంచినప్పుడు ఢిల్లీ ప్రదీప్ సంగ్వాన్‌ను తీసుకుంది, సొంతూరి విరాట్ కోహ్లీ బెంగళూరుకి పోయాడు. ఏ దేశంలోనైనా పంతొమ్మిదేళ్ల కుర్రాడి ఎముకల్లో, బుద్ధిలో ఏముందో ముందుగా చూడగలిగినవాడు లేడు.

బలహీనుడికి న్యాయం ఇంత అరకొరగా జరుగుతుంటే పద్ధతి ఎందుకు నిలబడింది? జమాఖర్చులు చూడాలి. 1967 నుంచి 1976 దాకా ఏబీఏ పోటీకి ఉన్న తొమ్మిదేళ్లలో కొత్త ఆటగాడికి ఇద్దరు కొనుగోలుదార్లు ఉండేవారు. జీతాలు కొన్ని రెట్లు పెరిగాయి. ఆ రెండు లీగ్‌లు కలవకుండా 1970లో ఆస్కార్ రాబర్ట్‌సన్ నాయకత్వంలో ఆటగాళ్లే కోర్టుకెక్కారు, ఆరేళ్లు ఆపగలిగారు. కలిశాక మళ్లీ ఒకే కొనుగోలుదారు. 1994లో మొదటి ఎంపిక గ్లెన్ రాబిన్సన్ గట్టిగా కూర్చుని మిల్వాకీ దగ్గర పదేళ్లకు 6 కోట్ల 80 లక్షల డాలర్లు రాయించుకున్నాడు. మరుసటి ఏడాదే లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి ఎంపిక వరసను బట్టి జీతం ముందే నిర్ణయించే పట్టీ తెచ్చాయి. 1995 మొదటి ఎంపిక జో స్మిత్‌కి మూడేళ్లకు సుమారు 85 లక్షల డాలర్లు వచ్చాయి. ఏడాదికి లెక్కేస్తే సగానికంటే తక్కువ. ఒక్క సంవత్సరంలో ప్రతిభ సగమైపోలేదు కదా.

చట్టం ఊరుకుందా అని అడగొచ్చు. వ్యాపారులు కూడబలుక్కుని పోటీని చంపకూడదని 1890లోనే షెర్మన్ చట్టం చేసుకున్న దేశమిది. 1978లో ఒక అప్పీలు కోర్టు ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ 1968లో నడిచిన తీరు ఆ చట్టానికి విరుద్ధమనే తేల్చింది. కానీ యజమానులతో సంఘం ఒప్పందం చేసుకుంటే ఆ చట్టం అడ్డురాదన్న సందు ఉంది. 1984లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన లియాన్ వుడ్‌కి జీతాల పరిమితి పేరు చెప్పి ఫిలడెల్ఫియా ఏడాదికి 75 వేల డాలర్లు చూపించింది. అతను దావా వేస్తే, సంఘం ఒప్పుకున్నది నీకూ వర్తిస్తుందని 1987లో కోర్టు తోసిపుచ్చింది. సంఘంలో ఓటున్నది అప్పటికే లోపలున్నవాళ్లకు. బయట గుమ్మంలో నిలబడ్డవాడి కూలి తగ్గితే తమ వాటా పెరుగుతుంది. అలాంటివాళ్లు అతని తరఫున సంతకం పెట్టడం నాకు న్యాయంగా తోచదు, కోర్టుకి తోచినా.

దీనికి చెప్పే పెద్ద జవాబు, డ్రాఫ్ట్ లేకపోతే ఆటగాళ్లంతా లాస్ ఏంజెలస్‌కో న్యూయార్క్‌కో పోతారు, పోర్ట్‌లాండ్ లాంటి ఊళ్లకు ఎవరూ మిగలరు అని. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. డ్రాఫ్ట్ లేని యూరప్ ఫుట్‌బాల్‌లో డబ్బున్న నాలుగైదు క్లబ్బులే ఏళ్ల తరబడి కప్పులు పంచుకుంటున్నాయి. 1987లో డేవిడ్ రాబిన్సన్, 1997లో టిమ్ డంకన్ దక్కడం వల్లే శాన్ ఆంటోనియో లాంటి చిన్న మార్కెట్ ఉన్న ఊరు అయిదు టైటిళ్లు గెలిచింది. అయినా ఒక్క విషయం గమనించండి. ఎన్‌బీఏలో 1984 నుంచి జట్టు మొత్తం జీతాలకు పరిమితి ఉంది. పెద్ద నగరం ఇష్టమొచ్చినంత కుమ్మరించలేదు. ఆకర్షణ తక్కువైన ఊరి చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం, నీకు ఇంకాస్త ఎక్కువ ఇస్తాం రా బాబూ అనడం. కొత్తవాడి జీతం పట్టీతో, పేరున్నవాడి జీతానికి 1999లో పెట్టిన గరిష్ఠ హద్దుతో లీగ్ ఆ ఆయుధాన్ని లాగేసుకుంది. లాగేసుకుని, పరిహారంగా డ్రాఫ్ట్‌ను చేతిలో పెట్టి కృతజ్ఞత ఆశిస్తోంది. ఐపీఎల్‌లో అన్ని జట్లకూ ఖర్చు పరిమితి ఒకటే, పాట మాత్రం బహిరంగం. 2024 నవంబర్‌లో పదమూడేళ్ల వైభవ్ సూర్యవంశీ కనీస ధర 30 లక్షలు. ఢిల్లీ, రాజస్థాన్ పోటీపడితే కోటీ పది లక్షలైంది. అమెరికా పద్ధతిలో ఆ కుర్రాడికి దక్కేది ముందే రాసిపెట్టిన అంకె. వేలంలో కూడా కుర్రాడు తన ఊరు తాను ఎంచుకోలేడు, నిజమే. పాట గెలిచినంత మాత్రాన ఆట గెలవరన్నదీ నిజమే. తెలుగు టైటాన్స్ 2023లో పవన్ సెహ్రావత్‌ను రెండు కోట్ల అరవై లక్షలకు కొని, కబడ్డీ లీగ్‌లో అప్పటికి రికార్డు సృష్టించి, ఆ సీజన్‌లో అట్టడుగున నిలిచింది. అయితేనేం, పవన్‌కి రావలసింది పవన్‌కి వచ్చింది.

కోటీశ్వరులయ్యే పిల్లల మీద జాలెందుకు అనేవారూ ఉన్నారు. జాలి అడగడం లేదు. పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ను 2015లో డల్లాస్ 52వ ఎంపికగా తీసుకుంటే మన పత్రికలు పండగ చేసుకున్నాయి. అతను ఎన్‌బీఏలో ఒక్క ఆట కూడా ఆడలేదు. రెండో రౌండ్ ఎంపిక అంటే అర్థమది: కుర్రాడు ఆ జట్టుకే కట్టుబడాలి, జట్టు మాత్రం హామీ జీతం ఇవ్వనక్కర్లేదు. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద డబ్బు తీసుకునే వీలొచ్చింది, 2025 నుంచి కాలేజీలే నేరుగా చెల్లించవచ్చు. దాంతో రెండో రౌండ్ అంచున ఉన్న కుర్రాళ్లు కొందరు డ్రాఫ్ట్‌కి పేరివ్వకుండా కాలేజీలోనే ఉండిపోతున్నారు. రేపు మన దగ్గర కబడ్డీకో వాలీబాల్‌కో చిన్న జట్ల మేలు కోసం డ్రాఫ్ట్ పెడదామని ఎవరైనా అంటే, జీతాల పట్టీ ఎవరు రాస్తారు, రాసే చోట కొత్త కుర్రాడి తరఫున ఎవరు కూర్చుంటారు అని ముందు అడగండి.