రోడ్డు అప్పు ఎవరిని అడిగి చేస్తారు?

ఈరోజు రోడ్ల గురించి, వాటి వెనకాల ఉన్న అప్పు గురించి మాట్లాడుకుందాం. లెక్కల గోల అనుకుని స్కిప్ చేయకండి, ఇది మీ బండి ట్యాంకులోంచి పోయే డబ్బు.

ముందు అమెరికా వెళ్దాం. 1910లో కాలిఫోర్నియా ఓటర్లు 1.8 కోట్ల డాలర్ల రోడ్డు బాండ్లకు ఓటేసి ఒప్పుకున్నారు. 1918లో ఇల్లినాయ్ రాష్ట్రం 6 కోట్ల డాలర్ల అప్పు చేద్దామా అని జనాన్నే అడిగింది. వాహనాల లైసెన్సు ఫీజులతో తీరుస్తామని ముందే చెప్పింది. జనం సరే అన్నారు.

మరి మన దగ్గర? అప్పు మీద అలాంటి ఓటు లేదు. రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం రాష్ట్రం అప్పుకి హద్దు పెట్టగలిగేది శాసనసభ. కేంద్రానికి పాత బాకీ ఉంటే కొత్త అప్పుకి ఢిల్లీ అనుమతి కూడా కావాలి.

హద్దు ఉంది, రోడ్లేమో గుంతలు. అప్పుడేం చేస్తారు? 1998 చట్టంతో ఏర్పడిన రోడ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ మన రాష్ట్రానికి ఉంది. 2020 సెప్టెంబర్‌లో లీటరు పెట్రోలు, డీజిల్ మీద రూపాయి రోడ్డు సెస్ వేశారు. ఆ రాబడిని చూపించి కార్పొరేషన్ దాదాపు 2,000 కోట్ల రూపాయలు బ్యాంకు అప్పు తీసుకుంది. పేరు కార్పొరేషన్‌ది, కట్టేది మనం. 2022లో కేంద్రం అడ్డుకట్ట వేసింది: బడ్జెట్‌తోనో, సెస్‌తోనో తీర్చే కార్పొరేషన్ అప్పుని రాష్ట్రం అప్పుగానే లెక్కేస్తామంది.

గమనించారా? ఇల్లినాయ్ పద్ధతి, మన పద్ధతి దాదాపు ఒకటే. బండి ఉన్నవాడి డబ్బుతో రోడ్డు అప్పు తీర్చడం. తేడా ఒక్కటే, అక్కడ ముందు అడిగారు.

అయితే ఓటు పెడితే అన్నీ సర్దుకుంటాయని నేను అనను. రాష్ట్రమంతా ఓటేస్తే ఎక్కువ ఓట్లు పెద్ద నగరాలవే. సీతంపేట, కురుపాం కొండల మీద ఊళ్లకి రోడ్డు కావాలని ఎంతమంది ఓటేస్తారు? కానీ ఒకటి నిజం. కురుపాంలో బైక్‌కి పెట్రోలు కొట్టించుకునే కుర్రాడు కట్టేదీ, విశాఖలో కారాయన కట్టేదీ లీటరుకి అదే రూపాయి.

కాబట్టి అడగాల్సింది ఇదీ: ఆ అప్పుతో మా మండలంలో ఏ రోడ్డు వేశారు, బాకీ ఇంకెంత ఉంది? సమాచార హక్కు దరఖాస్తుకి 10 రూపాయలు. పది లీటర్ల సెస్ అంతే. ఉంటాను మరి!