పేజీ మధ్యన మడత

జలదంకి నుంచి కావలికి బస్సెక్కి డిగ్రీ చదవడానికి పోయే పిల్లల నోటుబుక్కులు తిరగేస్తే ఒక గుర్తు కనబడుతుంది. పేజీని నిలువునా సగానికి మడిచి, మడత మీద గోటితో గీరి, మళ్లీ విప్పుతారు. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం. కుడి సగాన్ని అరచేత్తో మూసి వల్లించడం, చెయ్యి తీసి సరిచూసుకోవడం. నాదీ అదే చదువు. నా పుస్తకంలో ఒక పేజీలో 'గ్లూమీ'కి ఎదురుగా 'విచారం' అని రాసి, కిందనున్న 'మెలంకలీ'కి, 'డిజెక్టెడ్'కి, 'సారోఫుల్'కి డిటో గుర్తులు పెట్టేశాను. దిగులు వేరు, గుబులు వేరు, బెంగ వేరని మా ఊళ్లో ఏ పిల్లనడిగినా చెబుతుంది. ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి అన్నిటినీ ఒకే గాటన కట్టేశాం.

ఈ అలవాటు ఇంగ్లీషుతో దిగుమతి అయిందనుకుంటే పొరపాటు. వీధిబడుల కాలంలోనే పిల్లలు అమరకోశం బట్టీపట్టేవారు. ఒక్కో వస్తువుకు ఎన్ని పేర్లున్నాయో శ్లోకాల్లో కూర్చిన పుస్తకం అది. తెలుగు మాటలకు పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం ఉండేది. ఆ తర్వాత కావ్యం పట్టేవాళ్లు. దానికి అన్వయం, ప్రతిపదార్థం, తాత్పర్యం వరసగా చెప్పేవారు. కంఠస్థం చేసిన మాటే కావ్యంలో మరో రెండు మాటల పక్కన ఎదురయ్యేసరికి దాని రంగు తెలిసొచ్చేది.

అందరికీ అంతదాకా సాగేది కాదు. ఆ లోపాన్ని మొదట్లోనే పట్టినవాడు మాకు దగ్గరివాడే. కందుకూరు పక్క ఓగూరులో 1784లో పుట్టిన వెన్నెలకంటి సుబ్బారావు ఎన్నో భాషలు నేర్చి, మద్రాసు సదరు అదాలత్తు అనే పై కోర్టులో అనువాదకుడయ్యాడు. పిల్లలు అర్థం తెలియకుండా వల్లెవేస్తున్నారని 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి రాశాడు. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న స్వీయచరిత్ర, ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1873లో అచ్చయింది. అదే ఏడు జాన్ బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్ కూడా వెలువడింది. ఈ సీమ గురించి ఒకే సంవత్సరం రెండు ఇంగ్లీషు పుస్తకాలు, ఒకటి దొర రాసింది, రెండోది ఇక్కడి మనిషి రాసింది. నాకు రెండోదాని ఇంగ్లీషే ఎక్కువ ఆసక్తి. ఆ ఇంగ్లీషును సంపాదించి పెట్టింది కవిత్వం కాదు, కచేరీ ఉద్యోగం.

అప్పటి నిఘంటువులూ దొరల అవసరం కొద్దీ పుట్టినవే. క్యాంబెల్ తెలుగు నిఘంటువు 1821లో వచ్చింది. బ్రౌన్ 1850ల తొలి ఏళ్లలో రెండు దిశలా నిఘంటువులు తెచ్చాడు. తెలుగు నేర్చుకునే తెల్లవాడి కోసం కట్టిన వంతెన మీద తెలుగువాడు ఎదురు నడిచాడు. బ్రౌన్ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పేరులోనే ఇంగ్లీషు నుడికారాలను తెలుగులో వివరించే మాట ఉంది. విడి మాట ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు. తర్వాతి తరాల ఇళ్లలో ఆ చోటు శంకరనారాయణ నిఘంటువుది. అట్టలూడిన ఆ పుస్తకం తాతల పెట్టెల్లో ఇంకా దొరుకుతుంది.

నిఘంటువుల తర్వాత బడుల సంగతి. 1840లో నెల్లూరులో దిగిన అమెరికన్ బాప్టిస్టులు బైబిలు తెచ్చారు, బళ్లు తెరిచారు. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడ్డాక షేక్‌స్పియరు, మిల్టను పరీక్ష పాఠాలయ్యారు. డైటన్, వెరిటీలు రాసిన నోట్సుతో అచ్చయిన షేక్‌స్పియరు నాటకాలు మన కాలేజీలకు వచ్చాయి. వెనక పేజీల్లో కఠినపదాలకు వివరణలు. చూస్తే అచ్చం మన ప్రతిపదార్థమే, కాకపోతే ఇంగ్లీషులో. మనుచరిత్ర చెప్పిన తీరులోనే పంతుళ్లు హామ్లెట్ చెప్పారంటే వింతేముంది? దాన్ని వెక్కిరించడం తేలిక. కానీ ఒక్క నాటకాన్ని ఏడాదంతా అలా నమిలితే అందులోని మాటలు జన్మంతా వదలవు.

నమలకుండా మింగినవాడి సంగతి గురజాడ 1897లోనే చూపించాడు. ఇంట్లోవాళ్లు ఇంగ్లీషు వినాలని ముచ్చటపడితే, కన్యాశుల్కంలో గిరీశం, వెంకటేశం కలిసి పొంతనలేని మాటలు దంచేస్తారు. మాటలన్నీ ఇంగ్లీషువే. సంభాషణే లేదు.

కావలి గిరీశాన్ని నేనే. కావలిలోని విశ్వోదయ సంస్థ, జవహర్ భారతి కాలేజీ వల్ల 1950ల నుంచి మా మెట్ట పల్లెలకు డిగ్రీ అందుబాటులోకి వచ్చింది. ఆ దారిలోనే నేనూ ఒక కాలేజీలో చేరి, హామ్లెట్ మీద వ్యాసంలో 'ఒఫీలియా ఎక్స్‌పైర్డ్' అని రాశాను. 'డైడ్' మరీ చిన్నపిల్లల మాటనిపించింది. ఆసుపత్రి కాగితాల్లోనూ, ఊళ్లో చావుకబుర్లలోనూ విన్నది 'ఎక్స్‌పైర్' అనే కదా. మేష్టారు ఎర్రసిరాతో చుట్టి, క్లాసులో లేపారు. "ఏం నాయనా, ఒఫీలియా ఏమన్నా మందుసీసానా, ఎక్స్‌పైర్ అయ్యేదానికి?" అన్నారు. నా మడత కాగితంలో రెండింటికీ 'చనిపోవు' అనే ఉంది. కాగితం తప్పేమీ లేదు, ఎక్కడ వాడాలో దానికి తెలియదంతే.

ఈ చిక్కు ప్రపంచంలో వేరేవాళ్లకూ ఎదురైంది. బెంగాల్లో పాఠాలు చెప్పిన మైకేల్ వెస్ట్, ముందు నేర్వాల్సిన సుమారు 2000 మాటల జాబితాను 1953లో తెచ్చాడు. జపాన్లో పనిచేసిన హార్న్‌బీ మాట ఏ వాక్యంలో ఎలా ఇముడుతుందో చూపే నిఘంటువును 1942లో వెలువరించాడు. మన విద్యార్థుల బల్లల మీద కనబడే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ దాని వారసురాలే. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు, అదే ఇప్పటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం. ముందు వాడుక ఇంగ్లీషు, తర్వాతే సాహిత్యం అన్న మాట బలపడింది. న్యాయమైన మాటే. అయితే ఆ 'తర్వాత' చాలామందికి రానేలేదు. దాని చోట పోటీ పరీక్షలు కూర్చున్నాయి, వాటితోపాటు నార్మన్ లూయిస్ 1949లో రాసిన వర్డ్ పవర్ మేడ్ ఈజీ, వెయ్యేసి మాటల లిస్టులు. లూయిస్ ధాతువులు పట్టి చెప్పిన తీరు సంస్కృతం తెలిసినవాడికి ఇంట్లో వ్యవహారంలా ఉంటుంది. కానీ మన దగ్గర అమరం పక్కనే కావ్యం ఉండేది. ఇప్పుడు లిస్టు పక్కన మరో లిస్టే ఉంది.

2000లో ఏవ్రిల్ కాక్స్‌హెడ్ చదువుల ఇంగ్లీషుకు 570 పదకుటుంబాల జాబితా కూర్చింది. ఎం.ఏ. ఇంగ్లీషు పిల్లలకు వ్యాసం రాయడానికి అది పనికొస్తుంది. కీట్స్ 'మెలంకలీ' మీద పాట రాస్తే అది దిగులా, బెంగా అని తేల్చడానికి పనికిరాదు. దానికి ఆ పాటనే నాలుగుసార్లు చదవాలి.

2020-21లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులకు కొత్త పుస్తకాలొచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. మా మడత అచ్చుకెక్కిందనుకున్నాను. కాకపోతే ఇక్కడ మాటకు మాట కాదు, వాక్యానికి వాక్యం. మొన్న మా పక్కింటి ఆరో తరగతి పిల్ల అరుగు మీద కూర్చుని ఇంగ్లీషు పేజీ గట్టిగా చదువుతోంది. తెలుగు పేజీని మూయడానికి అరచెయ్యి చాలక, దాని మీద పలకను బోర్లించింది.