వరుస నడుమ నిలబడ్డవాడు

అమెరికా ఫుట్‌బాల్‌లో కాలికంటే చేతులకీ భుజాలకీ పని ఎక్కువ. 1890లలో అయితే అది దాదాపు కొట్లాటే. రెండు జట్ల వరుసలు ముక్కూముక్కూ తగిలేంత దగ్గరగా నిలబడేవి. రిఫరీ కన్ను తప్పితే పిడిగుద్దులే. ఆ వరుసకు సరిగ్గా నడుమ, బంతిని వెనక్కి అందించే ‘సెంటర్’గా హార్వర్డ్‌కు ఆడినవాడు విలియం హెన్రీ లూయిస్. నల్లజాతివాడు. 1868లో వర్జీనియాలో పుట్టాడు. అమ్మానాన్నలు ఒకప్పుడు బానిసలు. ఒళ్లు చూస్తే ఎనభై కిలోలు, ఆ స్థానానికి అది తక్కువే.

ముందు ఆమ్‌హర్స్ట్ కాలేజీకి ఆడి, 1891లో కెప్టెన్ అయ్యాడు. డిగ్రీ అయ్యాక హార్వర్డ్‌లో లా చదువుతూ మళ్లీ మైదానంలో దిగాడు. అప్పట్లో దానికి అడ్డు చెప్పే నిబంధన లేదు. 1892, 1893లలో దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్లను ఏరి కూర్చే ‘ఆల్ అమెరికా’ జట్టులో చోటు దక్కింది. నల్లవారిలో ఆ గౌరవం మొదట ఆయనదే. హార్వర్డ్ ఉన్న ఊళ్లోనే ఒక మంగలి మాత్రం ఆయనకు గడ్డం గీయనన్నాడు. లూయిస్ చట్టసభ మెట్లెక్కాడు. మసాచుసెట్స్ వివక్ష నిషేధ చట్టంలోకి క్షవరశాలలు కూడా చేరాయి.

1896లో ఆటపై పుస్తకం రాశాడు. 1906 దాకా హార్వర్డ్ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. 1905లో మైదానాల్లో కుర్రాళ్లు చనిపోతుంటే అధ్యక్షుడు రూజ్‌వెల్టే కల్పించుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడు నిబంధనలు మారాయి. ఇరు వరుసల మధ్య బంతి పొడవంత ఖాళీ ఉండాలన్నది వాటిలో ఒకటి. ఆ ఆలోచన లూయిస్‌దేనంటారు. పిడిగుద్దుల నడుమ ఏళ్లకేళ్లు నిలబడ్డవాడికి తట్టాల్సిన ఆలోచనే మరి! కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేరింది 2009లో. ఆయన పోయిందేమో 1949లో.

నా దృష్టిలో ఆయన అసలు ఆట కోర్టుల దగ్గర మొదలైంది. 1903లో రూజ్‌వెల్ట్ బోస్టన్‌లో ఫెడరల్ ప్రాసిక్యూటర్ల సరసన కూర్చోబెట్టాడు. తర్వాతి అధ్యక్షుడు టాఫ్ట్ ఏకంగా దేశ అసిస్టెంట్ అటార్నీ జనరల్‌ను చేశాడు. 1911లో సెనేట్ ఆమోదించింది. అంతవరకు ఏ నల్లజాతీయుడూ కేంద్ర కార్యనిర్వాహక శాఖలో అంత పదవి ఎక్కలేదు. అదే ఏడు న్యాయవాదుల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్, ఆయన నల్లజాతివాడని తెలియక సభ్యత్వం ఇచ్చేసింది. తెలిశాక తప్పుకోమంది. ఆయన కదల్లేదు. అటార్నీ జనరల్ వికర్‌షామ్ ఆయన పక్షాన సభ్యులందరికీ ఉత్తరాలు రాశాడు. చివరికి లూయిస్‌ను ఉండనిచ్చారు గానీ, ఇకపై చేరేవాళ్లు దరఖాస్తులో తమ జాతి రాయాలని సంఘం తీర్మానించింది.