ఊరి నీరుగంటి: ఒక గ్రామసేవ చరిత్ర

తెలుగునాట గ్రామ వ్యవస్థపై వచ్చిన రచనలలో కరణం, మునసబు, తలారి తరచుగా కనిపిస్తారు. వారి దఫ్తరాలు, తగాదాలు, అధికారం రికార్డులకు ఎక్కాయి. అదే వ్యవస్థలో చెరువు నీటిని పొలాలకు పంచిన మనిషి మాత్రం చరిత్రకారుల దృష్టికి అంతగా రాలేదు. రాయలసీమలో అతణ్ణి నీరుగంటి అన్నారు, తెలంగాణలో నీరటి, నీరడి అన్నారు. చెరువు మిగులు నీరు పోయే చోటును ఒక ప్రాంతం అలుగు అని, మరొకటి మత్తడి అని, ఇంకొకటి కలుజు అని పిలిచినట్లే ఈ మనిషి పేరూ ప్రాంతాన్నిబట్టి మారింది. పని మాత్రం ఒకటే.

చెరువు కింద భూమి ఉన్న ప్రతి రైతూ తన మడికి తానే నీరు కట్టుకోవడం పాత ఆనవాయితీ కాదు. తూము తీయడం, మూయడం, కాలువకు గండి పడకుండా చూడడం, ఎగువ మడి మొదలు చివరి మడి దాకా వంతు తప్పకుండా తడి అందించడం నీరుగంటి బాధ్యత. పాత రాతి తూములో నీటి నడుమ నిలిపిన స్తంభాల మధ్య, రంధ్రానికి బిగించిన కర్ర బిరడా ఉంటుంది. దానిని పైకెత్తితేనే నీరు కాలువలోకి దిగుతుంది. చెరువు నిండుగా ఉన్నప్పుడు ఆ స్తంభాల దాకా ఈదుకుంటూ పోవాలి, బిరడా ఇరుక్కుంటే మునిగి తీయాలి. ముసురు రాత్రులలో కట్ట మీద తిరుగుతూ ఎక్కడైనా ఊట కనిపిస్తే ఊరిని లేపవలసినవాడూ అతడే. నీరు చాలని ఏడు ఎంత భూమికి పారించాలో ఊరి పెద్దలు నిర్ణయించేవారు. తెలంగాణలో దీనిని తైబందీ అన్నారు. ఆ నిర్ణయాన్ని మడి మడికీ అమలుపరచడం, దానివల్ల వచ్చే నిష్ఠూరాలను మోయడం నీరటి వంతు.

అతని తీర్పును ఊరు ఎందుకు ఒప్పుకున్నది? చాలా ఊళ్ళలో నీరుగంటికి ఆయకట్టులో సేవా మాన్యం తప్ప వేరే పొలం లేదు. పక్షపాతానికి కారణం లేనివాడని అతణ్ణి నమ్మారు. అయితే ఆ నిష్పాక్షికత అతడు కోరుకున్న గుణం కాదు. అనేక ప్రాంతాలలో ఈ పని మాల, మాదిగ వంటి కులాలకు వంశపారంపర్యంగా అంటగట్టినది. భూమి లేకపోవడమే అతని అర్హత అయింది. ఇతరుల భూమికి నీరు పెట్టి, కళ్ళంలో మేర గింజలు తీసుకొని బతికిన జీవితమది. పన్నెండు మంది ఆయగాళ్ళ వ్యవస్థను స్వయంసమృద్ధికి నమూనాగా కొనియాడే రచనలు ఈ అంశాన్ని దాటవేయడం సరికాదు.

శాసనాలలోనూ ఇదే మౌనం. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం క్రీ.శ. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో పని రెండేళ్ళు సాగిందని శాసనం చెబుతుంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, తగని ఆరు దోషాలను అది లెక్కించింది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం ఎరిగిన పండితుడు, నిర్మాణంలో ఆరితేరిన జనం ఆ అంగాలలో ఉన్నారు. కట్టిన తరవాత తరతరాలుగా తూము తీసే మనిషి ఆ లెక్కలోకి రాలేదు. చెరువు కట్టినవారికి, బాగుచేసినవారికి దశబంధ మాన్యాలు దక్కాయి. నీరుగంటి మాన్యం వాటి పక్కన చిన్న చెక్క.

కంపెనీ పాలన ఈ ఏర్పాటును ఒక్కసారిగా కూల్చలేదు. మరమ్మతులకు గ్రామస్థుల శ్రమ సంప్రదాయంగా వచ్చే కుడిమరామత్తు సడలిపోతుండగా, 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం తెచ్చింది. ఊరు తన అవసరం కొద్దీ చేసుకొన్న పనిని శిక్ష భయంతో చేయించవలసి వచ్చిందంటేనే లోపల ఏదో తెగిపోయిందని అర్థం. అదే ఏడు ఏర్పడిన ఇనాం కమిషన్ మాన్యాలను విచారణకు తీసుకొన్నది. క్రమంగా సేవా మాన్యాలకు పన్ను కట్టించి, గ్రామోద్యోగులకు నగదు జీతం ఇచ్చే పద్ధతి వచ్చింది. 1864 నాటి గ్రామ సెస్సు చట్టం దానికి తోడైంది. జీతమిచ్చేది సర్కారు కనుక జవాబుదారీ కూడా ఊరికి కాక తాలూకా కచేరీకి మారింది. 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం మునసబు, కరణాలతో పాటు నీరుగంటినీ పేరు పెట్టి చేర్చింది.

ఆ చట్టంలోని వారసత్వ నియమాన్ని సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో కొట్టివేసింది. పుట్టుకనుబట్టి ఉద్యోగమివ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమన్నది. ఆ వ్యాజ్యం గ్రామ మునసబు పదవికి సంబంధించినది. అందరూ కోరుకొనే పదవి కనుక దానికోసం కోర్టుకెక్కినవారున్నారు. నీరుగంటి పనిని ఆశించి కోర్టుకెక్కవలసిన అవసరం ఎవరికుంటుంది? హక్కుగా కాక బరువుగా వచ్చిన వారసత్వానికి ఆ తీర్పు సమాధానమేమీ ఇవ్వలేదు. అది ఆ కోర్టు ముందున్న ప్రశ్న కూడా కాదు.

1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పార్ట్‌టైం గ్రామాధికారుల పదవులను రద్దుచేసినప్పుడు చర్చంతా కరణాల చుట్టూ తిరిగింది. అప్పటికే కరెంటు మోటార్లు, బోర్లు వచ్చి ఎవరి నీరు వారిదైపోయింది. బోరున్న రైతుకు వంతుతో పని లేదు. 1997 నాటి రైతుల సాగునీటి యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలను తెచ్చింది. అందులో ఓటు భూమి ఉన్నవారికే, అంటే యజమానులకూ నమోదైన కౌలుదారులకూ. తరతరాలుగా నీటిని పంచిన భూమిలేని కుటుంబం ఆ నీటి సంఘంలో ఓటరు కాలేదు.

2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ 46,531 చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకొంది. పూడిక తీశారు, కట్టలు పెంచారు, తూములు బాగుచేశారు. నీరటి వృత్తివారు వీఆర్ఏల పేరుతో కొంతకాలం కొనసాగి, 2023లో ఆ వ్యవస్థ రద్దు కావడంతో వేర్వేరు ప్రభుత్వ శాఖలలో సర్దుబాటయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ సచివాలయాలలో ఇంజనీరింగ్, విద్యుత్తు, సర్వే, వ్యవసాయం, ఆరోగ్యం ప్రతిదానికీ ఒక ఉద్యోగి ఉన్నారు. చెరువు తూముకు లేరు.

చెరువు నిండిన ఏడు ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో రైతులు ఎకరానికి ఇంతని గింజలో డబ్బో పోగుచేసి ఒకరిని కాలువ మీద పెట్టుకొంటున్నారు. ఆ ఏర్పాటు ఏ రికార్డులోనూ ఉండదు. నీరటి, నీరడి అన్న మాటలు మాత్రం తెలంగాణ పల్లెలలో ఇంటిపేర్లుగా ఓటర్ల జాబితాలలో ఉన్నాయి.